తోరణానికీ చార్మినార్‌కూ ఉన్న చుట్టరికం: ఫిలిప్ వాగనర్ దక్కన్ కట్టడాలను చదివిన తీరు

క్లుప్తంగా: అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఫిలిప్ బి. వాగనర్ వరంగల్, హంపీ, పటాన్‌చెరు వంటి చోట్ల కట్టడాలను, తోటలను, తెలుగు గ్రంథాలను, శాసనాలను పక్కపక్కన పెట్టి చదివారు. ఒక కట్టడానికి ఒకే కాలం, ఒకే యజమాని, ఒకే మతం ఉంటాయన్న అలవాటును ఆయన పరిశోధన ప్రశ్నిస్తుంది. ఆ నిర్ణయాలకు ఆధారాలేమిటి, ఆ ఆధారాలు ఎక్కడ గట్టివి, ఎక్కడ పలుచన అన్నది ఈ వ్యాసం విషయం.

2024 మే నెలలో తెలంగాణ ప్రభుత్వ చిహ్నాన్ని మార్చే ప్రతిపాదన వచ్చినప్పుడు వాదమంతా రెండు కట్టడాల చుట్టూ తిరిగింది. ఒకటి కాకతీయ కళాతోరణం, అంటే వరంగల్ కోటలోని రాతి ద్వారం, రెండోది చార్మినార్. చిహ్నంలో ఆ రెండూ ఒకే వలయంలో ఉన్నాయి. వాటిని ఉంచాలన్నవారూ తీసేయాలన్నవారూ రెండింటినీ రెండు వేర్వేరు చరిత్రలకు గుర్తులుగానే లెక్కగట్టారు: ఒకటి కాకతీయులది, మరొకటి కుతుబ్ షాహీలది. మధ్యలో దాదాపు మూడు వందల ఏళ్లు ఉన్నాయి కనుక ఆ లెక్క సహజంగానే తోస్తుంది.

కట్టడాల చరిత్ర చదివేవారి దగ్గర మాత్రం దీనికి భిన్నమైన వాదన ఒకటి అంతకు పదేళ్ల ముందే అచ్చయి ఉంది. చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్‌తో కలిసి వాగనర్ 2014లో వెలువరించిన గ్రంథం ప్రకారం చార్మినార్ పక్కనున్న చార్ కమాన్‌కు, అంటే నాలుగు కమానుల చౌకుకు, వరంగల్ తోరణాలు నమూనా. ఇది నిజమైతే చిహ్నంలో ఉన్నవి రెండు చరిత్రలు కావు, ఒకే జ్ఞాపకం తాలూకు రెండు దశలు. ఈ నిర్ణయం ఒక్క కట్టడాన్ని చూసి తేలింది కాదు. దాని వెనక చాలా ఏళ్లపాటు వేర్వేరు చోట్ల పదునెక్కిన ఒక పద్ధతి ఉంది.

తెలుగు చదివిన వాస్తు చరిత్రకారుడు

దక్షిణాది కట్టడాల మీద పనిచేసిన విదేశీ పండితుల్లో చాలామంది వాస్తుశిల్పం చదువుకుని వచ్చినవారు. హంపీ సర్వేను 1980 నుంచి నడిపిన ఇద్దరిలో జార్జ్ మిషెల్ మెల్‌బోర్న్‌లో వాస్తుశిల్పం చదివారు. జాన్ ఫ్రిట్జ్ పురావస్తు శాస్త్రవేత్త. వాగనర్ దారి వేరు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 1986లో పూర్తి చేసిన డాక్టరేట్‌కు ఆయన ఎంచుకున్నది సుమారు 1000 నుంచి 1300 వరకు తెలంగాణలో వెలిసిన వాస్తుశిల్పం. దానితో పాటు తెలుగు, సంస్కృత గ్రంథాలను మూలంలోనే చదివే సామర్థ్యం సంపాదించారు. ఆ తర్వాత ఆయన రాసిన ప్రతి ముఖ్యమైన వ్యాసంలోనూ ఒక చేతిలో కట్టడం కొలతలు, మరో చేతిలో తెలుగు పాఠం కనిపిస్తాయి.

ఈ జోడింపు వల్ల ఏం మారుతుందో తెలియాలంటే 1993లో ఆయన ఇంగ్లీషులోకి అనువదించి విశ్లేషించిన రాయవాచకాన్ని చూడాలి. విశ్వనాథ నాయని స్థానాపతి (రాయబారి) ఒకరు విజయనగరం నుంచి తన ప్రభువుకు పంపిన నివేదికలా ఆ వచన గ్రంథం సాగుతుంది. అంటే 1509–1529 మధ్య పాలించిన కృష్ణదేవరాయల కొలువును కళ్లారా చూసినవాడి మాట అన్నమాట. చాలాకాలం దాన్ని అలాగే వాడుకున్నారు. వాగనర్ మాత్రం అందులోని రాజకీయ పరిస్థితులను, పేర్లను, నగరం గురించిన ఊహలను పరీక్షించి, అది సుమారు 1600 ప్రాంతంలో మదురై నాయకుల కొలువులో పుట్టిందని వాదించారు. రాజధాని 1565లో దెబ్బతిన్న తర్వాత, దాని వారసులమని చెప్పుకోవలసిన అవసరం ఉన్నవారు రాసుకున్న జ్ఞాపకం అది.

దీనితో ఆ గ్రంథం విలువ తగ్గలేదు, దాన్ని అడగవలసిన ప్రశ్న మారింది. కృష్ణదేవరాయల సభామంటపం ఎక్కడుందో ఆ పుస్తకాన్ని పట్టుకుని వెతకడం పొరపాటు. ఒక నగరపు నేలకే శక్తి ఉందని 1600 నాటి తెలుగువారు ఎందుకు నమ్మారన్న ప్రశ్నకు అది నేరుగా జవాబిస్తుంది. కట్టడాల విషయంలోనూ ఆయన ఇదే దారి పట్టారు: మొదట ఎవరు కట్టారన్న ప్రశ్నతో ఆగకుండా, తర్వాతి తరాలు దాన్ని ఎందుకు తలచుకున్నాయి, ఎందుకు తీసుకెళ్లి వేరేచోట నిలిపాయి అని అడిగారు.

1996లో అచ్చయిన మరో ప్రసిద్ధ వ్యాసం విజయనగర రాజుల దుస్తుల మీద. కొలువులో కబాయి (పొడవాటి అంగీ), తలమీద కుళ్లాయి (పొడుగు టోపీ), బిరుదుల్లో 'హిందూ రాయ సురత్రాణ', అంటే హిందూ రాజుల్లో సుల్తాన్, అన్న మాట: ఇవన్నీ ఆ కాలపు సుల్తానుల లోకంతో పంచుకున్న మర్యాదలు. శ్రీనాథుడి చాటువుల ద్వారా కుళ్లాయి తెలుగువారికి ఎప్పటినుంచో పరిచయమే. హంపీ కట్టడాల్లోనూ ఇదే విభజన కనిపిస్తుంది. గుడులన్నీ స్తంభం మీద దూలం పెట్టే పద్ధతిలోనే ఉన్నాయి. లోటస్ మహల్, ఏనుగుల శాల వంటి రాచ కట్టడాల్లో మాత్రం కమానులు, గుమ్మటాలు, సున్నపు పూతపని వచ్చాయి. ఒకే రాజులు పనిని బట్టి నిర్మాణ పద్ధతిని ఎంచుకున్నారు. ఫలానా కమాను ఫలానా మతానిదని తేల్చేయడం ఈ ఒక్క ఉదాహరణతోనే కష్టమైపోతుంది.

కొలత దగ్గరే చరిత్ర మొదలవుతుంది

హంపీ పవిత్ర క్షేత్ర భాగంలోని కట్టడాల పట్టికను మిషెల్, వాగనర్ కలిసి 2001లో మూడు సంపుటాలుగా ప్రచురించారు. పట్టిక అనగానే పొడి జాబితా అనిపిస్తుంది కానీ, తర్వాతి వాదనలన్నీ నిలిచేది దాని మీదే. పెద్ద ఆలయాలే కాదు, బండ మీద చెక్కిన చిన్న మూర్తి, దారి పక్క ద్వారం, విడి మంటపం కూడా ఒక్కొక్క సంఖ్యతో పటం మీదికి ఎక్కితేనే ఏ దారిలో ఎవరు నడిచారో, ఏ దేవుడి చుట్టూ ఏ కాలంలో వాడ పెరిగిందో కనిపిస్తుంది.

ఇటువంటి సర్వేలో పని ఇలా సాగుతుంది. మంటపం నాలుగు వైపులూ కొలిచాక రెండు కర్ణాలూ తప్పక కొలవాలి. కర్ణాలు సమానం కాకపోతే అది నిజమైన దీర్ఘచతురస్రం కాదు, ఏదో ఒక మూల తర్వాత జరిగిందో మరమ్మతు జరిగిందో అని అర్థం. అంకణాలను, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య ఎడాలను, ఒక్కొక్కటిగా కొలిచి కూడకూడదు. టేపును ఒక చివర బిగించి, ప్రతి స్తంభం దగ్గరా అదే మొదలు నుంచి దూరం రాసుకోవాలి. అంకణానికి ఒక సెంటీమీటరు తప్పు పోయినా పది అంకణాలకు పది సెంటీమీటర్లు అవుతుంది. రెండు దశల నిర్మాణాన్ని వేరుచేసే తేడా అంతకంటే తక్కువే ఉండవచ్చు. ఎత్తులకు నేలను నమ్మకూడదు, ఎందుకంటే నేల పూడిపోతుంది, పలకలు మార్చి వేస్తారు. మేస్త్రీలు వాడే నీటి గొట్టంతోనైనా, పరికరంతోనైనా అన్ని స్తంభాల మీదా ఒకే మట్టం గీత గుర్తుపెట్టి, అక్కడినుంచి పైకీ కిందికీ కొలవాలి. ఆ తర్వాత అధిష్ఠానం (కట్టడం నిలిచే పీఠం) వరుసలను, అంటే ఉపానం, కుముదం, పట్టిక వంటి అచ్చులను నిలువు కోతగా గీయాలి. ఆకారం ఒకటే అయినా కుముదం పట్టకాలు తిరిగిందా, గుండ్రంగా ఉందా అన్న తేడా కాలాన్ని చెప్పగలదు.

శాసనాల దగ్గర జాగ్రత్త మరింత అవసరం. రాయిని కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్‌తో కొట్టి అక్షరాల గుంటల్లోకి దించి, కాగితం కాస్త ఆరాక సిరా గుడ్డ అద్దుతారు. కాగితం మరీ తడిగా ఉంటే చిరుగుతుంది, సిరా వెనక్కి ఊరి అక్షరం పూడుతుంది. రాతి మీది పాత సున్నం పూత తీయకపోతే ఒక గుడి దీర్ఘమే మాయం కావచ్చు. చదివాక తేదీని లెక్కతో సరిచూడాలి. హనుమకొండ వేయిస్తంభాల గుడిలోని రుద్రదేవుడి శాసనం మంచి ఉదాహరణ: శక 1084, చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ త్రయోదశి, వడ్డవారం. శక సంవత్సరానికి మామూలుగా 78 కలిపితే 1162 వస్తుంది. కానీ మాఘం జనవరి–ఫిబ్రవరిలో పడుతుంది కనుక 79 కలపాలి. అప్పుడు తేలేది 1163 జనవరి 19. ఆ రోజు శనివారమే, వడ్డవారమన్నా శనివారమే. సంవత్సరం పేరు, తిథి, వారం మూడూ ఒకదానికొకటి కుదిరాయి కాబట్టి ఆ తేదీని నమ్మవచ్చు. వారం కుదరకపోతే శాసనం తర్వాత నకలు తీసి చెక్కినదేమో అని అనుమానించాలి.

ఈ నేర్పు విదేశీయులతో వచ్చిందన్న అభిప్రాయాన్ని కూడా వాగనర్ 2003 నాటి ఒక వ్యాసంలో సరిదిద్దారు. 1799లో హంపీ శిథిలాలను సర్వే చేసి, తర్వాత భారతదేశ సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసినవారు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు. ఏలూరు నియోగులు. పాత లిపులు చదవడం, దానపత్రాలు అసలువో నకిలీవో తేల్చడం ఆ రాజోద్యోగి కుటుంబాలకు అంతకుముందే వచ్చిన విద్య అని, వలస పాలన దాన్ని వాడుకుందని ఆయన చూపించారు. దక్షిణాది శాసన అధ్యయనం పునాదుల్లో తెలుగు గుమాస్తాల చదువు ఉందన్నది మనవాళ్లు ఇంకా తగినంతగా చెప్పుకోని విషయం.

హంపీ మెట్ల కోనేరు: రాతి మీద చిరునామా

రాచనగరు భాగంలో 1980లలో భారత పురావస్తు శాఖ తవ్వకాల్లో ఒక మెట్ల కోనేరు బయటపడింది. చదరంగా దాదాపు 22 మీటర్లు, లోతు సుమారు 7 మీటర్లు, దిగడానికి ఐదు అంచెలు. ప్రతి అంచెలోనూ చిన్న చిన్న పిరమిడ్ల ఆకారంలో మెట్లు. రాతి స్తంభాల మీద నిలబెట్టిన కాలువ గుండా నీరు అందులోకి వచ్చేది.

చూడగానే రెండు సంగతులు తేడాగా కనిపిస్తాయి. హంపీ అంతా గ్రానైటు ఊరు; కోనేరు మాత్రం నునుపైన ముదురు పచ్చ ఛాయ గల బలపపు రాతి జాతి షిస్టుతో కట్టింది. పైగా రాళ్ల మీద అక్షరాలూ అంకెలూ ఉన్నాయి. ఈ రాయి ఏ దిక్కు వైపుది, ఎన్నో వరుసది, వరుసలో ఎన్నో స్థానానిది అని ఆ గుర్తులు చెబుతాయి. ఒక రకంగా ప్రతి రాయీ తన చిరునామా మోసుకుని తిరుగుతోంది.

అటువంటి గుర్తులు రెండు సందర్భాల్లో పుట్టవచ్చు. రాళ్లను దూరంగా గని దగ్గరే చెక్కి, తెచ్చి అమర్చినప్పుడు ఒకటి. ఉన్న కట్టడాన్ని విప్పి మరోచోట తిరిగి కట్టినప్పుడు రెండోది. వాగనర్ 2007లో రాసిన వ్యాసంలో రెండోదాన్నే సమర్థించారు. కోనేరు చాళుక్యుల కాలపు పని అని, పదహారో శతాబ్దంలో దాన్ని విప్పి విజయనగరానికి తరలించారని ఆయన వాదన. షిస్టు రాయి, అంచెల మెట్ల రూపం కళ్యాణి చాళుక్యుల ప్రాంతానికి సహజం. లక్కుండిలో మాణికేశ్వరాలయం పక్కనున్న ముస్కిన బావిని చూసినవారికి ఆ కుటుంబ పోలిక వెంటనే తెలుస్తుంది.

ఇక్కడ వాదన బలం ఎక్కడుందో విడదీసి చూడాలి. రాయి స్థానికం కాదన్నది గట్టి ఆధారం. శైలి చాళుక్యులదన్నది బలమైన పోలిక. తరలింపు ఎప్పుడన్నది గుర్తుల లిపి మీద ఆధారపడుతుంది, కానీ ఒంటరి అక్షరాల్లో లిపి పరిణామాన్ని శతాబ్దం మేర కూడా కచ్చితంగా చెప్పడం కష్టం. అందుకే ఆయన ఒక్క కోనేటితో ఆగలేదు. పదహారో శతాబ్దంలో దక్కన్ పాలకులంతా చాళుక్య వారసత్వం మీద మోజుపడ్డారని చూపే ఇతర సాక్ష్యాలను చేర్చారు. బీజాపూర్ లోపలి కోట ద్వారం దగ్గర ఆదిల్ షాహీలు నిలిపిన చాళుక్య స్తంభాలు అందులో ఒకటి. హిందూ రాజైనా సుల్తానైనా చాళుక్య రాయిని తెచ్చి తన రాజధానిలో నిలబెడుతున్నాడంటే అది రాయి కరువై చేసిన పని కాదు. ఈ జోడింపు కోనేటి వాదనకు పెద్ద ఊతం.

వరంగల్: కూల్చినది, ఉంచినది

ఖిలా వరంగల్ ప్రణాళిక గుండ్రటిది. లోపలి రాతి కోట వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు, దానికి 45 బురుజులు, చుట్టూ అగడ్త. దాని వెలుపల మట్టికోట వలయం. రాతి ప్రాకారాన్ని గణపతిదేవుడు మొదలుపెట్టగా రుద్రమదేవి పూర్తిచేసింది. నాలుగు దిక్కుల ద్వారాల నుంచి వచ్చే దారులు మధ్యలో కలిసేచోట స్వయంభూ శివాలయం. దాని ఆవరణకు నాలుగు వైపులా, దాదాపు పది మీటర్ల ఎత్తున నాలుగు తోరణాలు. అంటే నగరం మొత్తానికి నడిబొడ్డు ఆ గుడే.

1323లో ఉలూఘ్ ఖాన్, అంటే తర్వాతి ముహమ్మద్ బిన్ తుగ్లక్, కోటను పట్టుకున్నాడు. నగరం పేరు సుల్తాన్‌పూర్ అయింది. గుడి కూల్చివేతకు గురైంది. ఈ సంగతిని వాగనర్ ఎక్కడా తగ్గించి చెప్పలేదు. ఆయన అడిగిన ప్రశ్న ఆ తర్వాతిది: గుడిని అంత పూర్తిగా తొలగించినవారు, కూల్చడానికి అంతకంటే సులువైన నాలుగు విడి తోరణాలను ఎందుకు వదిలారు?

జాన్ హెన్రీ రైస్‌తో కలిసి 2001లో రాసిన వ్యాసంలో ఆయన వరంగల్‌లో తుగ్లక్ కాలపు కట్టడాలను గుర్తించారు. వాటిలో ముఖ్యమైనది తోరణాల ఆవరణకు పడమరగా ఉన్న ఖుష్ మహల్. పదహారో శతాబ్దం మొదట్లో వరంగల్‌ను ఏలిన శితాబ్ ఖాన్ దర్బారుగా దానికి పేరు. కానీ ఆ గోడలు కిందినుంచి పైకి లోపలికి వాలుతూ ఉంటాయి. లోపల అడ్డంగా వరుసగా సాగే పెద్ద కమానులు పైకప్పును మోశాయి. వాలు గోడ ఢిల్లీలో తుగ్లక్ కట్టడాల ముద్ర. తుగ్లకాబాద్ వెళ్లినవారెవరికైనా తెలిసిన రూపం. శితాబ్ ఖాన్ నాటికి దక్కన్‌లో ఆ పద్ధతి పాతబడి చాలాకాలమైంది. అలా ఆ హాలు తేదీ దాదాపు రెండు శతాబ్దాలు వెనక్కి, 1323 తర్వాతి తొలి ఏళ్లకు జరిగింది. దానితో దక్షిణాదిలో ఇప్పటికీ నిలిచిన తొలి ఇస్లామీ కట్టడాల వరుసలోకి వరంగల్ వచ్చింది.

మిగిలిన ఆనవాళ్లను కలిపితే చిత్రం ఇలా కనిపిస్తుంది: గుడి ఉన్నచోట జామా మసీదు, దాని చుట్టూ యథాతథంగా నాలుగు తోరణాలు, పక్కనే పాలకుడి దర్బారు హాలు. పాత నగరపు నడిబొడ్డును కొత్త పాలకులు చెరిపేయలేదు, స్వాధీనం చేసుకున్నారు. తోరణాల మీద ప్రధానంగా ఉన్నవి హంసలు, మకరాలు, లతలు. పూజకు సంబంధించిన మూర్తులు కావు. కనుక అవి రాజ్యాధికారపు ద్వారాలుగా చెల్లుబాటయ్యాయి.

పునర్వినియోగాన్ని నేల మీద ఎలా పసిగడతారన్నది ఇక్కడ చెప్పుకోవాలి, ఎందుకంటే వరంగల్‌లో తప్పుడు నిర్ధారణలకు ఎక్కువ కారణం ఇదే. స్తంభాలు వేర్వేరు ఎత్తులవై, కింద పీటరాళ్లు చేర్చి సమం చేసి ఉంటే అవి మరోచోటి నుంచి వచ్చినవి. పట్టీ చెక్కడం మధ్యలో తెగి పక్క రాతిలో కొనసాగకపోతే, పద్మం తలకిందులై ఉంటే, దూలం కూర్చోవడానికి తొలిచిన గాడి ఖాళీగా ఉండిపోతే కూడా అంతే. కాకతీయుల రాతి కట్టడంలో రాయి మీద రాయి సున్నం లేకుండా కూర్చుంటుంది. మధ్యలో మందపాటి సున్నం వరుస కనిపిస్తే అది తర్వాతి చేయి. అయితే ఇటీవలి మరమ్మతుల సున్నాన్ని పాతదిగా పొరబడే ప్రమాదం ఉంది. అందుకే పురావస్తు శాఖ పాత ఫోటోలతో పోల్చకుండా ఏ సంధి గురించీ మాట్లాడకూడదు.

వరంగల్ కథ తుగ్లకులతో ఆగదు. 1504 నాటి శాసనంలో శితాబ్ ఖాన్, తురుష్కులు తొలగించిన దేవతామూర్తులను తిరిగి ప్రతిష్ఠించినట్లు చెప్పుకున్నాడు. పేరులో ఖాన్, పనిలో కాకతీయుల పునరుద్ధరణ! 1999 నాటి వ్యాసంలో వాగనర్ ఇటువంటి మనుషులనే ఎత్తిచూపారు: రెండు రాజకీయ సంస్కృతుల మర్యాదలు తెలిసి, అవసరాన్ని బట్టి రెంటిలోనూ మెలగగలిగినవారు. కట్టడాల్లోని కలయిక గాల్లోంచి ఊడిపడలేదు, ఇలాంటివారు కట్టించిందే.

గుల్జార్ హౌజ్ చుట్టూ నాలుగు కమానులు

1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా హైదరాబాద్‌ను వేసినప్పుడు చార్మినార్‌కు ఉత్తరాన ఒక పెద్ద చౌకు ఏర్పడింది. మధ్యలో నీటి తొట్టి, నేటి గుల్జార్ హౌజ్. నాలుగు దిక్కులా విడివిడిగా నిలిచిన నాలుగు ఎత్తైన కమానులు: ఉత్తరాన మఛ్లీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్, తూర్పున కాలీ కమాన్, పడమట షేర్-ఎ-బాతిల్ కమాన్. నడుమ ఒక కేంద్రం, నాలుగు దారులు, నాలుగు దిక్కులా గోడల ఆనుడు లేని ద్వారాలు. ఇదే అమరిక ముందుగా ఉన్నది ఖిలా వరంగల్‌లో.

ఈటన్, వాగనర్ వాదన ఈ పోలిక మీద నిలిచింది. కుతుబ్ షాహీలు తెలుగు నేలను ఏలినవారు, తెలుగు కవులను పోషించినవారు, ఫార్సీతో పాటు తెలుగులోనూ శాసనాలు, ఫర్మానాలు వేయించినవారు. తమకు ముందు ఈ నేలనంతటినీ ఒకే నగరం నుంచి ఏలిన కాకతీయుల వారసులమన్న భావన వారికి రాజకీయంగా పనికొచ్చేది. అందుకని కొత్త రాజధాని నడిబొడ్డుకు పాత రాజధాని నడిబొడ్డు రూపం ఇచ్చారు.

ఎదురు వాదం కూడా బలహీనమైనదేమీ కాదు. నాలుగు దారుల కూడలి, మధ్యలో హౌజ్, చుట్టూ ద్వారాలు అన్నది ఇరాన్, మధ్య ఆసియా నగరాల్లోని చార్ సూ అమరికకూ సరిపోతుంది. కులీ కుతుబ్ షా వరంగల్‌ను చూసి కట్టించాడని సమకాలీన ఫార్సీ చరిత్ర చెప్పినట్లు ఎవరూ చూపలేదు. ఉన్నది రూపసామ్యం, రాజకీయ సందర్భం. నిజానికి ఈ రెండు వాదనల్లో ఒకదాన్ని పారేయనక్కరలేదు. ఒకే కట్టడం ఇరాన్ నుంచి వచ్చిన అమీరుకు చార్ సూగా, ఓరుగల్లు తెలిసిన తెలుగు నాయకవాడికి తోరణాల చౌకుగా అర్థమయ్యే వీలు ఉంది. వాగనర్ మిగతా పరిశోధనతో కలిపి చూస్తే ఈ రెండర్థాల చదువే ఎక్కువ సబబుగా ఉంది.

తోట, చెరువు, ఒండ్రుమట్టి

రాతి కట్టడం నిలుస్తుంది, తోట నిలవదు. అందువల్ల తోటల చరిత్రకు రాత ఆధారమే ప్రాణం. ఇబ్రహీం కుతుబ్ షా (1550–1580) కాలంలో పటాన్‌చెరు ప్రాంత పాలన చూసిన అమీన్ ఖాన్ మీద వాగనర్ 2011, 2012ల్లో రెండు వ్యాసాలు ప్రచురించారు. అచ్చ తెలుగులో తొలి కావ్యమైన యయాతి చరిత్రమును పొన్నగంటి తెలగనార్యుడు అంకితమిచ్చింది ఈయనకే. అమీన్‌పూర్ ఈయన పేరు మీది ఊరే. కావ్యం అవతారికలోని (పీఠికలోని) వర్ణనను, శాసనాలను, నేల మీది ఆనవాళ్లను కలిపి చదివి, ఆ కాలపు తోట విలాసానికి మాత్రమే కాదని, దానధర్మాలకు ఆదాయమిచ్చే ఆస్తిగా కూడా పనిచేసిందని ఆయన చూపారు. తోట యజమాని ఫార్సీ లోకపు అమీరు, అతని దాతృత్వాన్ని పొగిడింది తెలుగు కవి. మొగలుల చార్‌బాగ్‌లతో (నాలుగు భాగాల తోటలతో) పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది: అక్కడ చర్చంతా జ్యామితి, స్వర్గపు ప్రతీక, ఇక్కడ పండ్లు, నీళ్లు, ఎవరికి అన్నం అన్న లెక్క.

అలాంటి తోటను నేల మీద వెతకాలంటే మొక్కలను కాదు, నీటిని వెతకాలి. మోట బావి, దాని పక్కన ఎత్తు తొట్టి, అక్కడినుంచి వాలుగా దిగే సున్నపు కాలువ, ప్రహరీ పునాది: ఈ నాలుగూ ఒక వరుసలో దొరికితే తోట హద్దు గీయవచ్చు. పాత సేత్వార్‌లో (భూమి సర్వే రికార్డులో), గ్రామ పటంలో 'బాగ్' అన్న పేరుతో సర్వే నంబరు ఉంటే మరో ఆధారం. ప్లాట్లు వేసేటప్పుడు మొదట పోయేది బావి, తర్వాత కాలువ.

చెరువుల విషయంలో తెలుగు నేలకు మరింత గొప్ప ఆధారం ఉంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు మీది 1369 నాటి శాసనం. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించిన ఆ సంస్కృత శాసనం చెరువుకు పన్నెండు సాధనాలు, ఆరు దోషాలు చెబుతుంది. గట్టి బంకనేల, తీయటి నీటి నది, దాన్ని ఆనుకున్న కొండ, ఆ కొండల నడుమ మరీ పొడవు కాని దృఢమైన రాతి కట్ట, దగ్గర్లో పొడవైన రాళ్లిచ్చే గని, పని తెలిసిన మనుషులు సాధనాల్లో ఉన్నాయి. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, చెరువు మధ్యలో మిట్ట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం దోషాలు. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క కూడా ఉంది. సరిహద్దున ఉండటాన్ని దోషంగా లెక్కించడం గమనించదగ్గది: తూము ఎవరి చేతిలో ఉంటుందన్న తగవు అప్పటికే తెలిసినవారు రాసిన మాట అది.

హంపీ చుట్టుపక్కల నేల మీద క్యాథ్లీన్ మోరిసన్ పని ఇక్కడ మంచి పోలిక. ఆమె కమలాపురం చెరువు ఒండ్రులోని పుప్పొడిని, బొగ్గు కణాలను చూసి పొలాలు, అడవి ఎప్పుడు పెరిగాయో, ఎప్పుడు తగ్గాయో లెక్కించారు. దరోజి లోయలో గొలుసుకట్టు చెరువులు ఎలా కట్టారో, ఎలా విడిచిపెట్టారో పరిశీలించారు. ఒండ్రుమట్టి రాజులను పొగడదు, కానీ ఎవరు కట్టించారో చెప్పదు. శాసనం కట్టించినవాడిని చెబుతుంది, చెరువు యాభై ఏళ్లకే పూడిందా అన్నది చెప్పదు. వాగనర్ పద్ధతి బలహీనపడే చోటు ఇదే: రాత మిగలని రైతు, ఒడ్డెర పనివాడు ఆయన చిత్రంలో తక్కువగా కనిపిస్తారు.

మరమ్మతులకూ వాదాలకూ దీని పర్యవసానం

హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మంటపాన్ని 2006లో విప్పదీసి, తిరిగి కట్టి 2024 మార్చిలో తెరిచారు. విప్పిన ప్రతి రాయికీ సంఖ్య వేయడం అలాంటి పనిలో ప్రాథమిక నియమం. ఆ సంఖ్యలతో పాటు రాళ్ల లోపలి ముఖాల మీది పాత గుర్తులు, గాడులు, సున్నపు మరకలు కూడా నమోదు కావాలి. తిరిగి పేర్చాక ఆ ముఖాలు మళ్లీ కనిపించవు. హంపీ కోనేటిలాంటి వాదన నిలబడింది ఆ గుర్తులు కంటికి అందినందువల్లే. సంధులను కొత్త సున్నంతోనో సిమెంటుతోనో ఏకరీతిగా నింపేస్తే కట్టడం బాగుపడినట్లు కనిపిస్తుంది కానీ, ఏ చేయి ఎక్కడ ఆగిందో చెప్పే గీత పోతుంది.

సామాజిక మాధ్యమాల్లో వరంగల్ తోరణాల ఫోటో కింద సాగే వాదాలకు వాగనర్ పరిశోధన ఎవరి పక్షానా సులువైన ఆయుధం కాదు. కూల్చివేత జరిగిందా అంటే జరిగిందనే చెబుతుంది. కూల్చినవారు ఆ స్థలపు గౌరవాన్ని తమకోసం ఉంచుకున్నారా అంటే దానికీ ఆధారాలు చూపుతుంది. మొదటిదానికి శిథిలాలే సాక్ష్యం. రెండోది ఉద్దేశానికి సంబంధించిన ఊహ. దాన్ని గట్టిపరచాలన్నా కొట్టిపారేయాలన్నా దారి ఒకటే. తోరణాల ఆవరణలో నేలపొరలను మళ్లీ జాగ్రత్తగా పరిశీలించి, మసీదు పునాది తోరణాల మధ్యరేఖలతో కుదిరి ఉందా, లేక వాటిని పట్టించుకోకుండా వేసిందా అన్నది కొలిచి తేల్చాలి.